గంట కొట్టని కళాశాల

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, పెద్ద పెద్ద గండశిలలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కానవచ్చు గుట్టలు కలవు. ఆ గుట్టలమీదనే జూబిలీ హిల్స్ వెలసినది. దానిని ఆనుకొని ఫిలింనగర్ ఉన్నది. ఒకప్పుడు తెలుగు చలనచిత్రములకు మద్రాసు నగరము నిలయముగా నుండెడిది. పరిశ్రమ క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చుటతో ఈ గుట్టలు స్టూడియోలకు ఆటపట్టులైనవి. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1970వ దశకము నడుమ ఈ ప్రాంతముననే నెలకొన్నది. అనంతరము దగ్గుబాటి రామానాయుడుగారు ఫిలింనగర్‌లో తమ స్టూడియోను నిర్మించిరి. అందుచేత ఈ పేర్లు చెవిని బడగానే బాలబాలికల మనస్సులు తారల మేడలమీదికి పరుగెత్తును. అది సహజమే. ఆ మేడలను గూర్చి చెప్పువారు లోకమున పెక్కుమంది కలరు గనుక ఈ పాఠము వాని జోలికి పోదు.

ఆ గుట్టలలోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982వ సంవత్సరము ఆగస్టు మాసమున ‘ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము’ అను పేర ఇది ఆరంభమైనది. మన దేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొట్టమొదటిది. ఇంగ్లండు దేశమున ఇట్టి విద్యాలయము 1969లోనే స్థాపింపబడెను. ఆ పద్ధతి మన తెలుగునేలమీద వేరూనుటకు ఆచార్య జి. రాంరెడ్డిగారు ముఖ్యముగా పాటుపడిరి. వారు అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండి, ఈ క్రొత్త సంస్థకు ప్రథమ ఉపకులపతియైరి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని వారే తొలి ఉపకులపతులు. 1991లో, అంబేద్కర్ మహాశయుని శతజయంతి సందర్భమున, హైదరాబాదులోని విద్యాలయమునకు ఆ మహనీయుని పేరు పెట్టిరి. విద్యాలయము ముందున్న బాటకు రాంరెడ్డిగారి పేరు కలదు.

సాధారణమైన కళాశాలలో ఉదయము గంట మ్రోగును. విద్యార్థి పరుగున పోయి బల్లమీద కూర్చుండును. అధ్యాపకుడు హాజరు పిలుచును, పాఠము చెప్పును. శ్రద్ధ లేనివానికి సైతము రెండు మాటలు చెవిలో పడితీరును. సార్వత్రిక విశ్వవిద్యాలయమున ఆ గంట లేదు. విద్యార్థికి తెలుగున అచ్చువేసిన పాఠ్యగ్రంథములు ఇత్తురు. ఆకాశవాణి ద్వారా పాఠములు వినిపించిరి. సెలవు దినములలో అధ్యయన కేంద్రమునకు పోయినచో అధ్యాపకుడు సందేహములు తీర్చును. తక్కిన దినములన్నియు విద్యార్థివే. ‘ఈ దినము చదివితివా?’ అని అడుగువాడు లేడు. చదువకపోయినచో గదమాయించువాడును లేడు. పుస్తకము గూటిలో నుండును. దుమ్ము దానిమీద పడుచుండును.

అచట చదువువారిలో పలువురు పగలెల్ల ఏదో ఒక పని చేసికొని బ్రతుకువారు. 1982 నాటి నియమముల ప్రకారము, ఇంటర్మీడియట్ చదువనివారు కూడ అర్హత పరీక్షలో నెగ్గి పట్టభద్రులగు చదువులో ప్రవేశింపగలిగిరి. చిన్ననాట బడి మానిన గృహిణులు, పోలీసులు, గుమాస్తాలు, కార్మికులు దీనివలన మరల పుస్తకము చేతబట్టిరి. వారికి తెలివి తక్కువయై కాదు, తీరిక తక్కువయై చదువు దూరమైనది. అట్టివారికి తలుపు తెరచుట గొప్ప ఉపకారము. అయినను తెరచిన తలుపులోనుండి నడచిపోవలసినది మాత్రము వారే గదా!

చలనచిత్ర సీమకును ఈ విశ్వవిద్యాలయమునకును ఇరువంకల చెందిన పెద్ద యొకరు కలరు. ఆయన సి. నారాయణరెడ్డిగారు. 1962లో విడుదలైన ‘గులేబకావళి కథ’ మొదలుకొని ఆయన వేలకొలది చలనచిత్ర గీతములు వ్రాసిరి. 1985 నుండి 1989 వరకు ఇదే సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా పనిచేసిరి. ఆ పదవిలో నుండగనే, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనకు లభించెను. ఇవన్నియు తెలిసిన సంగతులే. విద్యార్థులు తెలిసికొనవలసినది వేరొకటి కలదు.

నారాయణరెడ్డిగారు 1931లో నాటి కరీంనగరు జిల్లాలోని హనుమాజీపేట అను పల్లెలో జన్మించిరి. అది నిజాము పాలనాకాలము. బడులలో బోధన ఉర్దూ భాషలో జరుగుచుండెను. ఉన్నత పాఠశాలయందును, ఇంటర్మీడియట్‌నందును, పట్టభద్రులగు వరకును ఆయన చదువు ఉర్దూ మాధ్యముననే సాగినది. పల్లెలో హరికథలు, కోలాటములు, వీధిభాగవతములు విని పెరిగిన ఆ బాలునకు తెలుగు కవిత్వముపై మక్కువ కలిగినది. కాని ఆ మక్కువను తీర్చు తరగతి గది ఆనాడు చాలినంతగా లేదు. హైదరాబాదునకు వచ్చిన పిమ్మట ఆయన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు పోయి ఆధునిక కవుల గ్రంథములు చదివిరి. 1901లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయము ఎందరికో ఇట్లే తోడ్పడినది. కళాశాలలో ఒక భాషలో పరీక్షలు వ్రాయుచు, మరియొక భాషను తన పూనికతో అభ్యసించి, తుదకు తెలుగులో ఎం.ఏ., పిహెచ్.డి. పట్టములంది, ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడగుట సామాన్యమైన కార్యము కాదు. ఆ తెలుగు చదువునకు ఏ గంటయు మ్రోగలేదు. పెద్దవారైన పిదప కూడ ప్రతి సంవత్సరము జన్మదినమునాటికి ఒక గ్రంథమును వెలువరించుట ఆయనకు అలవాటుగా నుండెను. ఎవరును అడుగకున్నను తనకు తానే గడువు పెట్టుకొను గుణము అది.

ఇట్లనగానే, ‘అయితే మేమును ఎక్కువ గంటలు పుస్తకము ముందు కూర్చుందుము’ అని కొందరు సంకల్పింతురు. ఆ సంకల్పము మంచిదే గాని, కూర్చుండుట వేరు, నేర్చుట వేరు.

కళాశాల విద్యార్థులలో నూటికి తొంబదిమంది చదువు పద్ధతి యొకటే అన్నను అతిశయోక్తి కాదేమో. పుస్తకము తెరచి మొదటినుండి తుదివరకు చదువుదురు. ముఖ్యమని తోచిన పంక్తులక్రింద గీత గీయుదురు. ఇప్పుడు పసుపుపచ్చని సిరాతో మెరుగులు దిద్దుటయు కలదు. పరీక్ష దగ్గరపడగనే మరల మొదటినుండి చదువుదురు. రెండవసారి చదువునప్పుడు వాక్యములన్నియు పరిచితములుగా తోచును. ‘ఇది నాకు వచ్చును’ అను ధైర్యము పుట్టును. చిక్కంతయు ఆ ధైర్యములోనే ఉన్నది. వీథిలో నిత్యము కనబడు మనుష్యుని ముఖము మనకు పరిచితమే. ఆ ముఖమును చూడకుండ చిత్రింపుమనిన చేయి ఆడదు. పరీక్షలో అడుగునది ముఖమును గుర్తుపట్టుమని కాదు, చిత్రింపుమని.

2006లో అమెరికా దేశమున రోడిగర్, కార్పికీ అను ఇరువురు మనశ్శాస్త్రజ్ఞులు దీనిని కళాశాల విద్యార్థులమీదనే పరీక్షించిరి. వారికొక చిన్న వచన పాఠమునిచ్చి మూడు తెగలుగా చూచిరి. ఒక తెగవారు ఆ పాఠమును నాలుగు విడతలు చదివిరి. మరియొక తెగవారు ఒక్క విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతలును పాఠమును చూడకుండ, జ్ఞాపకమున్నంతవరకు కాగితముమీద వ్రాసిరి. ఐదు నిమిషములు గడచిన పిమ్మట పరీక్షింపగా, చదివినవారికే ఎక్కువ జ్ఞాపకముండెను: వారికి నూటికి 83 పాళ్లు, వ్రాసినవారికి 71 పాళ్లు. కాని వారము దినములు గడచినంతనే తక్కెడ తారుమారైనది. నాలుగు విడతలు చదివినవారికి 40 పాళ్లే మిగిలెను; చూడకుండ వ్రాసినవారికి 61 పాళ్లు నిలిచెను. ఇందు మరియొక విశేషము కలదు. ‘వారము తరువాత మీకెంత జ్ఞాపకముండును?’ అని ముందుగానే అడిగినప్పుడు ఎక్కువ ధైర్యము చూపినవారు చదివినవారే! మరచిపోవువానికే ధైర్యము మెండుగా నుండుట వింతగా లేదా?

కావున చదువరి అలవరచుకొనవలసిన మొదటి అలవాటు పుస్తకమును మూయుట. ఒక ప్రకరణము చదివి, మూసి, ఇందేమి చెప్పబడినదని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. నోటితో చెప్పినను సరే, చిత్తు కాగితముమీద వ్రాసినను సరే. తడబడినచోట పుస్తకము తెరచి చూడవలెను. ఈ పని కష్టముగా నుండును. మొదటి దినములలో ‘నాకేమియు రాలేదే’ అని దిగులు కలుగును. ఆ దిగులే గుణము చేయు చేదు.

తెలుగువారికి ఇది క్రొత్త సంగతి కాదు. అష్టావధానమును చూడుడు. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య ఇత్తురు, ఒకరు దత్తపది, ఒకరు ప్రతి అక్షరమునకు నిషేధము పెట్టుదురు, ఒకరు నడుమ నడుమ గంట కొట్టుచుందురు, ఆ గంటల లెక్కయు చెప్పవలెను. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పి ముందుకు సాగును. మరల చుట్టు తిరిగి వచ్చునప్పటికి మొదటి పాదము తలపులో నిలిచియుండవలెను. చివర ధారణ చేయునప్పుడు పద్యములన్నియు వరుసగా అప్పగింపవలెను. చేతిలో కాగితము ముక్క యుండదు. తిరుపతి వేంకట కవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శించిన కాలమున జనులు దీనిని దైవదత్తమని తలచిరి. దైవదత్తమైన పాలు కొంత యుండవచ్చును. కాని మరల మరల మనస్సులోనుండి వెలికి తీయుట అను సాధన లేక ధారణ ఎవరికిని అబ్బదు.

వల్లెవేయుటను నేడు పలువురు నిందింతురు. అర్థము తెలియని వల్లెవేత నిందార్హమే. అయినను ఎక్కములు వల్లెవేసిన బాలుడు చేసినదేమి? పలకను వెనుకకు త్రిప్పి, పదమూడవ ఎక్కమును నోట అప్పగించినాడు. తప్పిన చోట పంతులుగారు అందించిరి. పై అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్న దానికిని దీనికిని భేదమంతగా లేదు. అర్థము తెలిసికొని అప్పగించుటకు సాటియైన పద్ధతి లేదు. గైడు పుస్తకములోని జవాబును తెలిసీ తెలియక అప్పగించుటయంత వ్యర్థమును లేదు.

నాటకరంగము కూడ ఇట్టి బడియే. అక్కినేని నాగేశ్వరరావుగారు పేదరికముచేత ప్రాథమిక విద్యతోనే చదువు ఆపవలసివచ్చెను. చిన్ననాటనే నాటకములలో స్త్రీ వేషములు ధరించిరి. ఘంటసాల బలరామయ్యగారు విజయవాడ రైలు నిలయమున ఆయనను చూచి, 1944లో వచ్చిన ‘శ్రీ సీతారామ జననము’ అను చిత్రమున కథానాయకుని చేసిరి. రంగస్థలముమీద నిలిచిన నటునకు పుస్తకము తెరచి చూచుకొను వీలు లేదు. ప్రేక్షకుల యెదుట మాట తప్పినచో మరల మొదలుపెట్టుటకు లేదు. అందుచేత నటుడు తెర వెనుకనే, చూడకుండ, పదేపదే చెప్పుకొని సాధన చేయును. ఆయన పెద్దవారైన తరువాత ఇంగ్లీషు భాషను తమ పట్టుదలతోనే నేర్చి ధారాళముగా మాట్లాడెడివారు. గుడివాడలో ఒక కళాశాల ఆయన పేర నేటికిని నడుచుచున్నది. కళాశాల గడప త్రొక్కి చదువని వారి పేర కళాశాల!

ఇక మరపు సంగతి. జర్మనీ దేశమున హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అను పండితుడు తన్ను తానే శిష్యునిగా చేసికొని, అర్థము లేని అక్షర సమూహములను కంఠస్థము చేసి, అవి ఎంత కాలమునకు ఎంత జారిపోవునో సంవత్సరముల తరబడి లెక్కించెను. 1885లో ఆ లెక్కలను గ్రంథముగా ప్రకటించెను. నేర్చిన గంటలోపలనే సగమునకు మించి జారిపోయెను. మరునాటికి ఇంచుమించు మూడింట రెండు పాళ్లు పోయెను. పిదప జారుట నెమ్మదించెను. నెల తరువాత అయిదింట ఒక పాలు మిగిలియుండెను. అర్థముగల పాఠము ఇంత వేగముగా మరపునకు రాదు గాని, మరపు త్రోవ మాత్రము అదియే: మొదట వడి, తరువాత నెమ్మది.

ఆయన గ్రంథములో దీనికన్న ఉపయోగకరమైన లెక్క యొకటి కలదు. ఒక వరుసను ఒకే దినమున ఏకబిగిని 68 పర్యాయములు వల్లించినందువలన మరునాడు ఎంత ఫలము కనిపించెనో, అంత ఫలమును మూడు దినములకు పంచి 38 పర్యాయములు వల్లించినందువలననే పొందెను. శ్రమ ఇంచుమించు సగము తగ్గినది. అధికముగా పట్టినది మూడు దినముల ఓపిక మాత్రమే. పరీక్షకు ముందురాత్రి దీపము ఆర్పకుండ చదువువాడు 68 బేరమును కోరుకొనుచున్నాడు. రైతు ఒకేదినమున పొలమునంతయు ముంచివేసి, ‘నెల దినముల నీరు పెట్టితిని’ అనునా?

ఇంతవరకు చెప్పినది ఎట్లు చదువవలెనను సంగతి. ఎప్పుడు చదువవలెననునది వేరు ప్రశ్న. సార్వత్రిక విద్యార్థికి అసలైన కష్టము అచ్చటనే ఉన్నది.

ఫిలింనగర్‌కు అంత దూరము కాని కృష్ణానగరులో చలనచిత్రములకు పనిచేయు సామాన్యులు పలువురు నివసింతురు. దీపములు మోయువారు, తెరలు కట్టువారు, గుంపు సన్నివేశములలో నిలుచువారు, వంటలు చేయువారు కలరు. వారిలో దుస్తులు కుట్టు దర్జీ యొకడు బి.ఏ.లో చేరినాడని ఊహింతము. ఉదయము 5 గంటలకు లేచి చదువవలెనని అతడు గోడమీద కాలపట్టిక వ్రాసి పెట్టినాడు. సోమవారము అట్లే లేచినాడు. మంగళవారమునాటి చిత్రీకరణము అర్ధరాత్రి దాటువరకు సాగినది; బుధవారము లేవలేకపోయినాడు. గురువారము తెల్లవారక మునుపే కాల్షీట్ ఉన్నది. శనివారమునాటికి ఆ పట్టికను చూచుటకే అతనికి సిగ్గు కలిగినది. ‘నాకు చదువు రాసిపెట్టి లేదు’ అని నిట్టూర్చినాడు. చదువు మానివేయు వారిలో ఎందరో ఇట్లే మానివేయుదురు. లోపము వానిది కాదు, పట్టికది. గడియారము తన చెప్పుచేతలలో లేనివానికి గడియారముతో ముడిపెట్టిన నియమము నిలువదు.

అతడు చేయదగిన దేమి? తన దినములో ఎట్టి పరిస్థితిలోను తప్పని పని యొకదానిని ఎన్నుకొని, దానికి చదువును ముడివేయవలెను. చిత్రీకరణము ఎప్పుడు ముగిసినను అతడు ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొనక మానడు. మొదటి చాయ త్రాగక మానడు. చాయ గ్లాసు క్రింద పెట్టగానే పుస్తకము చేతికి రావలెను. ఇరువది నిమిషములు చాలును. అందు పది నిమిషములు నిన్న చదివినదానిని చూడకుండ చెప్పుకొనుటకు, పది నిమిషములు క్రొత్తది చదువుటకు. తీరిక గల దినమున ఇంకను చదువుకొనవచ్చును. కాని ఆ ఇరువది నిమిషములు మాత్రము తప్పరాదు.

లండను విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఫిలిప్పా లాలీయు ఆమె సహచరులును దాదాపు ఇట్టి నియమమునే 96 మందిపై పరిశీలించి 2010లో ప్రకటించిరి. ప్రతివారును ఒక చిన్న మంచి పనిని, తినుట, త్రాగుట, కొంత వ్యాయామము వంటిదానిని, నిత్యకృత్యమైన మరియొక పనికి జోడించి పన్నెండు వారములు ఆచరించిరి. ఆ పని ప్రయత్నము లేకయే జరుగునంత అలవాటగుటకు నడిమి లెక్కను 66 దినములు పట్టినది. ఒకరికి 18 దినములే చాలెను. మరియొకరికి 254 దినములు పట్టునని లెక్క తేలినది. ఇరువదియొక్క దినములలో ఏ అలవాటైనను పట్టుబడునను మాట లోకమున వ్యాపించియున్నది గాని, దానిని నమ్మి ఇరువదిరెండవ దినమున నిరాశపడుట తగదు. నడుమ ఒకదినము తప్పినంత మాత్రమున అలవాటు చెడదనియు ఆ పరిశీలనలోనే తేలినది. మన దర్జీకి బుధవారమునాడు ఈ మాట చెప్పువారుండినచో అతడు గురువారము మరల పుస్తకము తెరచియుండును.

చిత్రీకరణము జరుగు చోట, నిరీక్షణమే ఎక్కువ. దీపములు అమర్చువరకు దర్జీకి పని యుండదు. ఆ సందులలో దళసరి పుస్తకము తెరచుట సాధ్యము కాదు. కాని చొక్కా జేబులో పట్టు నాలుగు చీటీలుండవచ్చును. ఒకవైపు ప్రశ్న, వెనుకవైపు జవాబు. చీటీ వ్రాయుటలోను ఒక నేర్పు కలదు. ఈ నేర్పును అతడు తన వృత్తిలోనే చూచియున్నాడు. చలనచిత్రమున సన్నివేశములను కథాక్రమమున తీయరు. నాయిక ఇల్లు వెడలు ఘట్టము ఈ దినమున, వాకిట నిలుచు ఘట్టము నెల తరువాత తీయవచ్చును. అందుచేత సహాయ దర్శకుడొకడు ఏ కొంగు ఎటు ఉన్నది, గాజులెన్ని, గుండీ పెట్టియున్నదా లేదా అని పుస్తకమున వ్రాసికొనును. నటుడు పలికిన ప్రతి మాటను అతడు వ్రాయడు. నెల తరువాత ఏ ప్రశ్న వచ్చునో ఊహించి దానికి జవాబు మాత్రము వ్రాయును. పాఠమునకు వ్రాసికొను గుర్తులును అట్లే యుండవలెను. అధ్యాపకుడు చెప్పినదెల్ల గీకిపారవేసిన నోటు పుస్తకము, అచ్చుపుస్తకమునకు మరియొక ప్రతి మాత్రమే, అదియు తప్పులతో.

సెల్‌ఫోను మాట చెప్పక తప్పదు. అవధానములో అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకుడొకడు కూర్చుండి, అవధాని ఏకాగ్రతను చెదరగొట్టుటకు చిలిపి ప్రశ్నలు వేయును. అతనికిని ఒక హద్దు కలదు. సభ ముగియగనే లేచి ఇంటికి పోవును. జేబులోని ఫోను లేచిపోవు పృచ్ఛకుడు కాదు. చదువు వేళ దానిని వేరు గదిలో పెట్టుట తప్ప వేరు ఉపాయము లేదు. పాఠములు వినుటకు అదియే సాధనమైనప్పుడు, విని, ఆపి, అవతల పెట్టి, పిదప విన్నదానిని అప్పగించుకొనవలెను. నిద్ర విషయమున ఒక్క మాట చాలును: పగటి చదువు మనస్సున కుదురుకొనునది నిద్రలోనే గనుక, నిద్రను దొంగిలించి చదువువాడు తన గాదెకు తానే కన్నము వేసికొనుచున్నాడు.

ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ఇదంతయు దూరపు మాటగా తోచవచ్చును. వారి బడిలో గంట మ్రోగుచునే యున్నది. మరి రెండు మూడేండ్లలో పలువురు ఇంటర్మీడియట్ కళాశాలల వసతిగృహములలో చేరుదురు. అట్టి వసతిగృహములు కొన్నింట తెల్లవారుజామునుండి రాత్రి వరకు ఎవరో ఒకరు వెనుక నిలిచి చదివింతురు. మార్కులు వచ్చును, సందేహము లేదు. తల్లిదండ్రులు సంతోషింతురు. పిమ్మట పట్టభద్రుల కళాశాలలో అడుగిడినంతనే వెనుక నిలుచువాడు మాయమగును. నిన్నటివరకు దినమునకు పండ్రెండు గంటలు చదివిన బాలుడు నేడు అరగంటయు కూర్చుండలేకపోవుట చూచి పెద్దలు ఆశ్చర్యపడుదురు. అందు ఆశ్చర్యమేమున్నది? ఆ పండ్రెండు గంటల అలవాటు వానిది కానే కాదు, కాపలావానిది. కాపలావానితోనే వెడలిపోయినది. కొట్టము గడియవేసి ఆపిన దూడ, గడియ తీసిన క్షణమున ఏమి చేయునో పల్లెటూరివారికి తెలియును.

అందుచేత గంట మ్రోగుచున్న కాలముననే, గంటతో సంబంధము లేని చదువు కొంచెమైన ఉండవలెను. సాయంకాలము బడినుండి వచ్చి ముఖము కడుగుకొన్న పిదప, ఆ దినమున చెప్పిన పాఠములలో ఒకదానిని పుస్తకము తెరువక తల్లికో, చెల్లెలికో, ఎవరును లేనిచో గోడకో చెప్పవచ్చును. తల్లికి చదువు రాకపోయినను నష్టము లేదు. నిజమునకు చదువు రానివారికి చెప్పునప్పుడే పాఠములోని చీకటి మూలలు బయటపడును. ఆమె ‘ఎందుకురా అట్లు?’ అని ఒక్క ప్రశ్న వేసిన చాలును. దానికి జవాబు తోచకపోయినచో, మరునాడు ఉపాధ్యాయుని ఏమి అడుగవలెనో తెలిసినట్లే.

సార్వత్రిక విద్యార్థికి ఈ అడుగుట మరియు ముఖ్యము. అతనికి అధ్యాపకుడు దొరకునది సెలవు దినములలోనే. దొరకిన గంటయు నలుగురితో పంచుకొనవలెను. ఏమియు చదువక అధ్యయన కేంద్రమునకు పోయినవాడు, చెప్పిన పాఠము విని తిరిగివచ్చును; ఆ పాఠము ఇంటనున్న పుస్తకములోనే కలదు. వారమంతయు పుస్తకము మూసి తన్ను తాను ప్రశ్నించుకొన్నవాని చేతిలో మాత్రము, ఎక్కడెక్కడ తడబడినదియు తెలుపు చిన్న చీటీ యుండును. మన దర్జీ ఆ ఆదివారమున పని లేకుండ చూచికొని, ముందు బల్లమీద కూర్చుండి, ఆ చీటీలోని మొదటి ప్రశ్న అడుగును. అది ఇంకను పది మందికి తెలియని సంగతియే యగుటచే, వెనుక బల్లలవారు కూడ నోటు పుస్తకములు తెరతురు.